ఫెన్విక్ గారి సంతకం

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ ఊళ్లో ఫెన్విక్ గారి సొలిసిటర్ల ఆఫీసులో, అంటే లాయర్ల ఆఫీసులో, క్రిస్మస్ విందుకు ఒక ఆనవాయితీ ఉంది. టర్కీ కోడిని కోయగానే ఆయన గ్లాసు పైకెత్తి, "వచ్చే ఏడు సొలిసిటర్‌ను చేసే శిక్షణ ఒప్పందం మన కెర్రీకే!" అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. లా డిగ్రీ చేతపట్టుకుని సహాయకురాలిగా చేరిన కెర్రీ ఆ చప్పట్లు ఎనిమిదిసార్లు విన్నది. తొమ్మిదో విందులో ఆ ఒప్పందం ఆయన మేనల్లుడు రూపర్ట్‌కు దక్కింది.

పాఠకులారా, ఆశ చూపించి చాకిరీ చేయించుకునే ఇలాంటి పెద్దమనుషులు ఒక్క గ్రిమ్స్‌బీలోనే లేరు.

"ఇంకెన్నాళ్లే ఆయన గుమ్మం పట్టుకు వేలాడతావు?" అంది తల్లి, చేపల ఫ్యాక్టరీలో ముప్పైయేళ్లు నిలబడి పనిచేసిన మనిషి.

"సొలిసిటర్ కావాలంటే వేరే దారి లేదమ్మా."

"లేదని ఎవరు చెప్పారు?"

"ఫెన్విక్ గారే."

"భలేదానివే! దారికడ్డంగా కూర్చున్నవాణ్నే దారడిగావన్నమాట."

ఆ మాట కెర్రీకి చురుక్కుమంది. మర్నాడే సొలిసిటర్ కావడానికున్న నిబంధనలు తెచ్చుకుని చదివింది. శిక్షణ ఒప్పందం లేకపోయినా ఫరవాలేదట. రెండు అర్హత పరీక్షలు నెగ్గి, రెండేళ్లు ఇలాంటి ఆఫీసులో పనిచేసినట్టు ఒక సొలిసిటర్ ధ్రువీకరిస్తే చాలట. ఆ నిబంధన వచ్చి కొన్నేళ్లయింది. ఫెన్విక్ గారికి తెలియకుండా ఉంటుందా? ఆమె ఒళ్లు మండిపోయింది. అయినా ఏడాదిన్నరపాటు నవ్వుతూ ఆయనకు టీ అందిస్తూ, బస్సులో చదువుకుంటూ రెండు పరీక్షలూ నెగ్గింది.

ఒక సోమవారం ఉదయం ఫారం తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది.

"నువ్వు సొలిసిటర్‌గా పనికొస్తావని నేనెలా రాసిస్తానమ్మాయ్?" అన్నారాయన కళ్లజోడు సర్దుకుంటూ.

"అది పరీక్షలు తేల్చేశాయి సార్. నేను ఈ పని చేశానా లేదా, అంతవరకే చెప్పండి. చేయలేదంటారా? అయితే ఇన్నేళ్లూ ఈ ఫైళ్లు ఎవరు నడిపారో సొలిసిటర్ల నియంత్రణ సంస్థకు మీరే చెప్పుకోండి. రూపర్ట్ అని మాత్రం అనకండి, అతనికింకా బీరువా తాళం తీయడమే రాలేదు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పళ్లు నూరుకుంటూ సంతకం చేశారు.

"పెన్ను మూయకండి సార్," అంటూ కెర్రీ తలుపు తెరిచింది. బయట, వేరే దారి లేదని ఆయన నమ్మించిన ఐదుగురు సహాయకులు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫారం. మధ్యాహ్న భోజనాల వేళ వాళ్లందరికీ ఆ నిబంధనలు వల్లె వేయించింది కెర్రీయే.

"నామీద ఇంత కక్షా?" అన్నారు ఫెన్విక్ గారు.

"అవును సార్, కక్షే! నన్నొక్కదాన్నే మోసం చేసి ఉంటే ఒక్క సంతకంతో పోయేది." ఆమె వెనక్కి తిరిగి ఆ ఐదుగురితో అంది: "రండి, కూర్చోండి. ఇక మీదట ఎవరైనా వేరే దారి లేదంటే, ముందు ఆ మనిషి ఎక్కడ కూర్చుని ఆ మాట అంటున్నాడో చూసుకోండి."