ఏడో మంచం చిరునామా

ఆఫీసులో అందరూ ఆమెను గింజమ్మ అంటారు. కంప్యూటరులో అన్నిటికంటే అడుగున కూర్చుని, మిగతా పరికరాలన్నిటి చేతా పని చేయించే ప్రోగ్రాము పేరు కెర్నెల్; దాన్ని మరమ్మతు చేయడమే ఆమె ఉద్యోగం. కెర్నెల్ అంటే గింజే కదా అని ఎవరో చమత్కరిస్తే ఆ పేరు అతుక్కుపోయింది. ఆమెకూ నచ్చింది. తొక్క ఎవరైనా ఒలుస్తారు, గింజ కొరకాలంటే పళ్లు గట్టివై ఉండాలని ఆమె ధీమా. అది ఉత్త ధీమా కాదు, పని వచ్చినవాళ్ల ధీమా.

ఈసారి పని రోగుల గుండె కొట్టుకోవడం చూపించే మానిటర్లది. వాటిని కొన్నది ఆమె అక్క హెడ్ నర్సుగా ఉన్న ఆసుపత్రి. ఒక యంత్రాన్ని మిగతావాటితో కలిపే ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ పుట్టుకతో ఒక చిరునామా ఉండాలి. ఈ మానిటర్లు చేసినవాళ్లు ఆ చిరునామా ఎక్కించడం ఎగ్గొట్టారు. చిరునామా లేని కార్డు కనబడితే కెర్నెల్ నోటికొచ్చిన అంకె ఒకటి అంటగడుతుంది. కరెంటు పోయి వస్తే మరో అంకె. పాపం, చిరునామా చూసే ఏ మంచమో చెప్పే నర్సుల బల్ల మీది తెర నిన్నటి మానిటర్‌ని పట్టుకుని ఇవాళ "తమరెవరు?" అన్నట్టు చూసేది. తిప్పి పంపేద్దామని డాక్టర్లంటే, "మా చెల్లెలు సరిచేస్తుంది" అని అక్క అడ్డుపడింది. తెర ఒక మంచం పేరు చెప్పి ఇంకో మంచం మీద ప్రాణం పోతే, అక్క ఇంకెప్పుడూ ఆ వార్డులో తలెత్తుకోలేకపోతుంది.

గింజమ్మ ఉపాయం వెతికింది. ప్రతి మానిటర్‌లోని చిప్పులోనూ ఫ్యాక్టరీలోనే ఎక్కించిన, ఎన్నటికీ చెరగని పొడుగాటి అంకె ఒకటుంటుంది. దాని ముందు భాగం తీసి కార్డుకు శాశ్వత చిరునామాగా ఇవ్వమని కెర్నెల్‌కు నేర్పింది. పరీక్షకని ఆఫీసుకు తెచ్చిన కొన్ని మానిటర్లను ఆపింది, వెలిగించింది, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. ఏదీ చిరునామా మార్చుకోలేదు.

"ఇంక వీటికి పెళ్లి చేసి పంపేయొచ్చు సార్," అంది మేనేజరుతో.

మర్నాడు ఉదయం, రోగులింకా రాని వార్డులో మానిటర్లన్నీ బిగించారు. అక్క ఏడో మంచం మీద కూర్చుని వేలికి క్లిప్పు తగిలించుకుంది. బల్ల మీది తెరలో నాడి కనబడింది, నాలుగో మంచం పేరుతో.

"ఏమే, నేనిక్కడ కూర్చుంటే నా గుండె అక్కడ కొట్టుకుంటోందేంటి?"

మేనేజరు గింజమ్మను పక్కకు పిలిచాడు.

"ఆ ఒక్కటి మార్చి వేరేది పెట్టేద్దాం. మిగతావి బానే ఉన్నాయిగా."

"ఎందుకు తప్పిందో తెలీకుండా ఏం మారుస్తాం సార్? రేపు ఇంకోటి తప్పుతుంది."

నాలుగో మంచం, ఏడో మంచం చిప్పుల అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ముందు భాగం అచ్చంగా ఒకటే, తేడా అంతా చివర్లో. చిప్పులు చేసేవాళ్లు ముందు ఏ కాన్పులోదో, అంటే ఏ విడతలో చేశారో రాసి, ఆ తర్వాతే అందులో ఎన్నో పిల్లో రాస్తారు. ఆఫీసులో పరీక్షించినవి వేరువేరు కాన్పులవి కాబట్టి గొడవ రాలేదు. ఇది తెలియని సంగతేం కాదు, తొందరలో చూసుకోలేదు. సిగ్గేసింది. అయినా తిన్నగా అక్క దగ్గరికే వెళ్లింది.

"తప్పు నాదే అక్కా. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని పిలిచాను, అన్నదమ్ములిద్దరూ పలికారు. సరిచేసేదాకా వీటికి ఎవర్నీ తగిలించకు."

"ఎంతసేపు?"

"మధ్యాహ్నానికి."

"నిజంగా మధ్యాహ్నమేనా, నువ్వు తయారవడానికి చెప్పే అయిదు నిమిషాలా?"

"మధ్యాహ్నమే."

అక్క రోగులను కాసేపు పాత వార్డులోనే ఉంచమని డాక్టర్లకు కబురు చేసింది.

గింజమ్మ మూల బల్ల దగ్గర కూర్చుంది. ఈసారి అంకెలో సగం కాదు, తల నుంచి తోక దాకా మొత్తం కలిపి రుబ్బి అందులోంచి చిరునామా తీసింది. ఏ రెండూ ఒకటి కాలేదని అన్నిటినీ సరిపోల్చి చూసుకుంది. వార్డు మెయిన్ స్విచ్చి తనే ఆపి, మళ్లీ వేసింది. ప్రతి మంచానికీ వెళ్లి క్లిప్పు తన వేలికే పెట్టుకుంది. ఏ మంచం దగ్గర పెట్టుకుంటే తెర ఆ మంచం పేరే చెప్పింది.

"ఇప్పుడు తీసుకురా," అంది అక్కతో.

సాయంత్రానికి మంచాలు నిండాయి. గింజమ్మ సామాను సర్దుకుంటుండగా బల్ల మీది తెర కీచుమంది. ఏడో మంచం. సరిగ్గా అప్పుడే నాలుగో మంచం మీది ముసలాయన కడుపు పట్టుకుని పెద్దగా మూలిగాడు. ఏడో మంచం మీదాయన గోడవైపు తిరిగి ప్రశాంతంగా నిద్రపోతున్నట్టున్నాడు. మేనేజరు ముసలాయన వైపు పరుగెత్తాడు.

అక్క మాత్రం ముసలాయన్ని దాటుకుని ఏడో మంచం మీదాయన్ని వెల్లకిలా తిప్పి, రెండు చేతులతో ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టింది. డాక్టరు వచ్చాడు. తెర మీద గీత చాలాసేపు పాకి, చివరికి లేచి నడిచింది.

అక్క చెమట తుడుచుకుంటూ వచ్చి, ముసలాయనకు నొప్పి మందు ఇవ్వమని నర్సుకు చెప్పింది.

"దాటి వెళ్లేటప్పుడు ఈయన్ని ఒక్కసారైనా చూడకపోయారా సిస్టర్?" అన్నాడు మేనేజరు. "పొద్దున ఈ రెండే కదా తారుమారైంది."

"చూస్తూ నిలబడుంటే ఆయన దక్కేవాడు కాదు," అంది అక్క. "ఏడని చెప్పింది మా చెల్లెలు. ఇంక నాలుగు దగ్గర నాకేం పని?"