పేరు మీద అతికించిన కాగితం

పేరు మూసేస్తే మనిషి కూడా కనబడకుండా పోతాడని అందరూ నమ్ముతారు. ఉద్యోగి మీద ఫిర్యాదు వస్తే, రాసినవారి పేరున్న చోట సన్నని కాగితం ముక్క అతికించి, నకలు తీసి, సంజాయిషీ కోసం ఆ ఉద్యోగికే పంపుతారు. అటువంటి నకలొకటి గురువారం సాయంత్రం, నేను సురమయి చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుండగా, మా వంటింటి గట్టు మీదికి వచ్చింది.

తెచ్చినవాడు నా భర్త వాసుదేవ్, చేపల మార్కెట్ ఇన్‌స్పెక్టరు.

"ప్రమోదా, జర చదివిపెట్టు. ఎవత్తో నా మీద తెలుగులో రాసి పడేసింది."

ఆయన ఈ దీవుల్లో పుట్టి హిందీలో చదువుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. నేను తెలుగు పంతులమ్మగా రిటైరయ్యాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన రిపోర్టులు, సంజాయిషీలు హిందీలో రాసిపెడుతున్నదీ నేనే. "దస్తఖత్ నాది, దిమాగ్ దీనిది" అని స్నేహితుల ముందు నవ్వుతాడు. వాళ్ళూ నవ్వుతారు. నేను టీ తెస్తాను.

చేతులు కడుక్కుని కాగితం అందుకున్నాను. తలకట్లన్నీ గాలాల్లా కిందికి వంగి ఉన్నాయి. అది యర్రమ్మ రాత. పదేళ్ళ కిందట మా పక్క పేట గరాచర్మలో చేపలమ్మే ఆడవాళ్ళకు నేను అక్షరాలు చెప్పాను. తొమ్మిదిమంది వస్తే చివరిదాకా నిలిచింది ఆమె ఒక్కతే. ఎంత దిద్దించినా ఆ గాలాలు పోలేదు. "నా పేరు నేనే రాసుకుంతంటే బయ్యమేస్తంది పంతులమ్మా" అనేది. మార్కెట్లో పెద్దవాళ్ళు వేలిముద్ర వేస్తారు, పడుచువాళ్ళు హిందీలో రాస్తారు. తెలుగు రాసేది ఆమె ఒక్కతే. పేరు మూసిన ఆ కాగితంలో ప్రతి అక్షరమూ ఆమె పేరే.

"చదవవే!"

చదివాను. "రోజూ పొద్దుటే పెద్ద చేప ఊరికే ఇవ్వాల. పొలుసు తీసి, ముక్కలు కోసి మరీ ఇవ్వాల. అంతసేపూ నా బేరం పక్కబల్లకి పోద్ది. కుదరదంటే నా బల్ల మురుక్కాలవ కాడికి మారుస్తానంటాడు. ఆళ్ళింటి అమ్మకి ఇయ్యన్నీ తెలవవు. తెలిస్తే తినదు."

చివరి రెండు వాక్యాలూ పైకి చదవలేదు. చదివితే నా గొంతు నన్ను పట్టిస్తుంది.

"ఎవరిదే ఆ రాత?"

"తెలియదు."

"పర్వా నై. బుధవారం బల్లల రిజిస్టర్లో అందరిచేతా సంతకాలు పెట్టిస్తా. తెలుగులో పెట్టినదాని బల్ల కాలవ పక్కకే. నువ్వు జవాబు రాసి ఉంచు, అంతా ఝూఠ్ అని."

ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు. గొంతు తగ్గించి మాట్లాడతాడు, అంతే. ఆ తగ్గిన గొంతు వింటే ముప్ఫై ఏళ్ళుగా చెప్పిన పని చేసేస్తున్నాను. చేపలు ముక్కలై ఎందుకు వస్తున్నాయని ఒకసారి అడిగాను. అత్త కాళమ్మ అందుకుంది: "మొగుడు తెచ్చింది వండాల గాని, పోలీసోళ్ళలాగ అడుగుతావేటే?" కత్తిపీట ముందు కూర్చోనక్కర్లేనందుకు లోలోపల సంతోషించి, మళ్ళీ అడగలేదు. నా కత్తిపీట పని ఇంకొక ఆడమనిషికి మారిందని తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అవసరం లేదు. నేను తెలుసుకోదలచుకోలేదు. ఆ గురువారం రాత్రి కూడా పులుసు పెట్టి ఆయనకు వడ్డించాను.

"నువ్వు తినవేం?"

"కడుపులో బాగోలేదు."

శుక్రవారం పొద్దున బస్సెక్కి ఆయన పైఅధికారుల ఆఫీసుకు వెళ్ళాను. దిగాల్సిన చోట దిగలేక తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. నా సంచిలో ఒక పేజీ ఉంది. ఆ చేపలు మా ఇంటికి వచ్చాయనీ, రోజూ ముక్కలు కోసే వచ్చాయనీ, వండింది నేననీ, తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాననీ రాశాను. బుధవారం సంతకాలు ఎందుకు పెట్టిస్తున్నారో కూడా రాశాను. కింద సంతకం చేశాను.

కౌంటర్లో అమ్మాయి కాగితం తిప్పి చూసింది. "తెలుగా? హిందీలో రాసివ్వండి దీదీ, జల్దీ పని అవుతుంది."

"ఇదే తీసుకో."

"ఫికర్ మత్ కరో దీదీ, నామ్ మూసేస్తాం. ఎవ్వరికీ తెలీదు."

మంగళవారం సాయంత్రం ఆయన రెండు కాగితాలు తెచ్చాడు. ఒకటి హిందీలో ఉంది. విచారణ ముగిసేదాకా సంతకాలు ఆపాలనీ, బల్లలు మార్చరాదనీ ఉత్తర్వు. అది తానే చదువుకున్నాడు. రెండోది నా ముందు పెట్టాడు.

"ఇంకొకత్తి తయారైంది. చదువు."

మొదటి పంక్తి నుంచి చివరి పంక్తిదాకా చదివాను. సంతకం ఉన్న చోట కాగితం ముక్క అతికించి ఉంది. ఆ పేరు కూడా పైకి చదివాను.