నడిసముద్రంలో దర్శనం

మా అమ్మ అప్పలనరసమ్మకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది ఈ వేసవి దాటితే గొప్పే అన్నాడు డాక్టరు. అదీ పోయేలోగా ప్రాణమున్న కూర్మనాథుణ్ణి సముద్రంలో చూడాలని ఆవిడ పట్టు. తాబేలని నోరు జారితే కొట్టేటట్టు చూసేది. ఈ వయసులో పడవేమిటని నేను చిందులు తొక్కాను. ఆవిడ అన్నం మానేసింది. ఇంకేం చేస్తాను, టెక్కలిలో నా బట్టల కొట్టుకు తాళం వేసి భావనపాడు తీసుకెళ్లాను. అది అరవై ఎనిమిదో సంవత్సరం, మాఘమాసం.

లక్ష్ముడనే జాలరి పడవ తీశాడు. వాళ్ల వలలో తాబేలు పడితే బొట్టుపెట్టి, దణ్ణంపెట్టి వదిలేస్తారు. అందుకే అతణ్ణి కుదిర్చాను.

కెరటాలు దాటగానే నా కడుపులో ఇడ్డెన్లు పైకొచ్చాయి. అమ్మ మాత్రం గుంజలా కూర్చుంది. తెల్ల పిట్టలు గుంపుగా నీళ్లలోకి దూకి చేపల్ని ఎగరేసుకుపోతున్నాయి. నల్లటి వీపులున్న పెద్ద చేపలేవో పడవ పక్కనే పల్టీలు కొట్టాయి. సముద్రాన్ని తిట్టడం మరిచి నేను నోరు తెరిచేశాను. అమ్మకు చూపించబోతే విసుక్కుంది. ఉన్న కాస్త చూపూ పిట్టలకి పెట్టమంటావా అంది.

రెండు గంటలు తిరిగాం. ఎండ మాడ్చేస్తోంది. వెనక్కి తిప్పమని నేను అరవబోతుంటే లక్ష్ముడు తెడ్డు వదిలేశాడు.

"అమ్మా, అదిగో స్వామి!"

ఆ మాట చెవిన పడగానే అమ్మ చేతులు జోడించి, కన్ను గట్టిగా మూసుకుని గోవిందనామాలు ఎత్తుకుంది. అలవాటు చొప్పున నేనూ కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నీళ్లు తప్ప ఏమీ లేవు. మరో గంట తిరిగినా స్వామి మళ్లీ తేలలేదు. లక్ష్ముడూ నీళ్లలో స్వామి వీపు తళుక్కుమనగానే కళ్లు మూసుకుని దణ్ణం పెట్టేశాడట. నాకు ఒళ్లు మండింది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

ఒడ్డుకు వస్తుంటే అమ్మ నెమ్మదిగా అడిగింది.

"నువ్వు సూసినావు కదరా. ఎలాగున్నాడు?"

ముతక బట్టని సన్నబట్టని నమ్మించి అమ్మే నోరు నాది. అచ్చం శ్రీకూర్మం గుళ్లో మూర్తిలాగే ఉన్నాడమ్మా అని బుకాయించాను.

అమ్మ నావైపు తిరిగింది.

"గుళ్లో కూడా కళ్లు మూసుకునే మొక్కినాన్రా. ఆ మూర్తి ఎలాగుంటాడో సెప్పు."

పాతికేళ్లుగా ఏటా ఆ గుడికి వెళ్తున్నాను. గర్భగుడి ముందు నిలబడి నేను చేసిందీ అదే.