పాపకు పడే పాలు

మా ఆయన చొక్కాకు పాల వాసన. ఉతికినా పోదు. ఎండలో ఆరేసినా పోదు.

పాల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా ఒకటే పని — కాగుతున్న పాల వేడి సరిగా ఉందో లేదో చూసుకోవడం. ఒక్క డిగ్రీ తేడా వస్తే పరుగెత్తుతాడు. రోజుకు ఎన్ని వేల లీటర్లు ఆ కళ్ళ ముందు నుంచి పోతాయో...

మా పాపకు మాత్రం పాలు పడవు.

గుక్కెడు తాగితే చాలు — ఉబ్బరం, నొప్పి, ఏడుపు. ఆరేళ్ళ పిల్ల మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటే, ఆయన చొక్కా విప్పి దూరంగా పడేసేవాడు. తప్పంతా ఆ వాసనదే అన్నట్టు.

పాలల్లో ఉండే చక్కెరను విడగొట్టే ఎంజైము పాప పొట్టలో తక్కువట. దాన్ని పాలల్లోనే కలిపేస్తే, తాగకముందే ఆ పని అయిపోతుందట. ఫ్యాక్టరీ ల్యాబులో మేడమ్ చెప్పింది. ఆ ఎంజైము ఉన్న చిన్న సీసా ఆయన చేతిలో పెట్టింది.

ఆ రోజు ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఏడు చుక్కలు. లీటరు పాలకు ఏడు చుక్కలు. కాచిన పాలు బాగా చల్లారాక వెయ్యాలి. ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. అంతే.

ఈ మనిషి ఆత్రం ఆగితేనా...

పొగలు కక్కే పాలల్లోనే వేసేశాడు మహానుభావుడు. ఆ వేడికి ఎంజైము పనికిరాకుండా పోయింది. మర్నాడు పాప గ్లాసెడు తాగింది, నాన్న ఇచ్చాడు కదా అని.

సాయంత్రం దాకా ఏడ్చింది.

"ఇంకెప్పుడూ నువ్విచ్చేవి తాగను," అంది.

ఆ ఒక్క మాటకు మనిషి కుంగిపోయాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. నాకు ఒళ్ళు మండింది. జాలీ వేసింది. జాలే ఎక్కువ వేసింది.

"మళ్ళీ చెయ్యండి," అన్నాను. "ఈసారి పాలు చల్లారాయో లేదో నేను చెప్తాను."

మళ్ళీ ఏడు చుక్కలు. చల్లారిన పాలల్లో. ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీశాడో — పసిబిడ్డ నిద్రపోయిందా అని చూసినట్టు.

మర్నాడు ముందు తనే తాగి చూశాడు. తియ్యగా ఉన్నాయి. చక్కెర విడిపోతే పాలు ఇంకా తియ్యనవుతాయని మేడమ్ ముందే చెప్పింది.

పాప గ్లాసు వంక చూసింది. నాన్న వంక చూసింది.

ఆయన బతిమాలలేదు. నేల మీద కూర్చుని ఎదురుచూశాడు.

ఒక గుక్క...

"పంచదార వేశావా?"

"లేదు తల్లీ."

"అబద్ధం."

"ఒట్టు."

ఇంకో గుక్క... ఇంకో గుక్క... సగం గ్లాసు.

ఆయన పాప పొట్టకు చెవి ఆనించాడు. పావుగంట. అరగంట. చప్పుడవుతుందని నేను గిన్నెలు తోమడం ఆపేశాను.

పాప ఆయన జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి మెల్లగా నిమిరింది.

"భయపడకు నాన్నా," అంది. "నొప్పి వచ్చినా నీకు చెప్పన్లే."