తప్పు కింద కట్టిన మంద

శీనమ్మ బీడు ఊరికి పడమట, ఉదయగిరి కొండ దిగువన ఉంటుంది. రెండున్నర ఎకరాలు. రాతి నేల. ఆమె, ఆమె మొగుడు యేసురత్నం కలిసి దాని చుట్టూ రేగు కంపతో కంచె వేశారు. మూడేళ్లు లోపలికి ఏ నోటినీ పోనియ్యలేదు.

కంచె బయట నేల గుండు గీసినట్టు ఉండేది. పగలు ఊరి మేకలు, గొర్రెలు. పొద్దు వాలితే కొండ దిగే దుప్పులు. వాటికి అందిన పచ్చ ఏదీ మిగల్లేదు. బలుసు చెట్లు చిగురు వేసినప్పుడల్లా ఏదో ఒకటి కొరికేది. అవి మనిషి మోకాలు దాటి ఎదగలేక అక్కడే గిడసబారి ముసలివైపోయాయి. కంచె లోపల కథ వేరు. మొదటి ఏడు పల్లేరు వచ్చింది. రెండో ఏడు అక్కడక్కడ గడ్డి దుబ్బులు లేచాయి. మూడో ఏడు ఆ దుబ్బులు కలిసిపోయి గడ్డి నడుము దాకా వచ్చింది.

ఆ గడ్డి మీద శీనమ్మ రెండు బర్రెలు బతికాయి. బర్రెల మీద ఇల్లు బతికింది. కంచె వేశాక యేసురత్నం తాపీ పనిలో పరంజా మీద నుంచి పడ్డాడు, మళ్లీ నడుము లేవలేదు. మంచంలో కూర్చుని ప్రార్థన చేసుకునేవాడు. పిల్లలు లేరు. ఆ బీడు పోతే ఆమెకి ఇంకేమీ లేదని ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఎవరికీ జాలి లేదు, ఆమెకీ ఎవరి మీదా జాలి లేదు.

ఆ ఏడు ఏప్రిల్‌లో పెంచలప్రసాద్ మంద కంచె తోసుకుని లోపలికి పడింది. వాడిది నూటికి పైగా గొర్రెల మంద. వేప చెట్టు కింద వాడికి కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి సగం బీడు మొదలంటా కొరికేసి ఉంది. శీనమ్మ కర్ర పుచ్చుకుని చేతికి చిక్కిన గొర్రెల్ని ఇంటికి తోలింది. రాతి గోడల దొడ్డిలో పెట్టి తడిక కట్టేసింది. దొడ్డికి నీడ లేదు.

ప్రసాద్ వెనకే పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, తప్పు నాదే. కునుకు పట్టింది. వాటికేం తెలుసు. నీళ్లన్నా పెట్టనీ."

"నా గడ్డి మేసిన నోళ్లకి నా నీళ్లు కూడానా?"

"చూడిది ఉండాదక్కా ఒకటి. ఈనే రోజులు."

"నా బర్రె కూడా చూడిదే. రేపటి నుంచి దానికి ఏం పెట్టేది, నీ తలకాయా?"

"నువ్వు ఏం తప్పు వేసినా కడతాను. నీళ్లు పెట్టు."

శీనమ్మ లోపలికి పోయి నిండు కుండ తెచ్చింది. ప్రసాద్ ముఖం తేటపడింది. ఆమె దొడ్డి ముందు నిలబడింది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తడిక సందుల్లోంచి మూతులు చాపాయి. ఆమె కుండ వంచి నేల మీద పోసింది. తొందర పడలేదు. ఆఖరి చుక్క దాకా పోసింది. గొర్రెలు తడి మట్టిని నాకాయి.

"తాగినాయి గదా," అంది.

పొద్దు గూకేలోపు చూడి గొర్రె చచ్చింది. కడుపులో పిల్ల కాసేపు కదిలింది. తర్వాత అదీ ఆగింది.

తగువు జనార్దనయ్య దగ్గరికి పోయింది. ఆయన ఒకప్పుడు సర్పంచ్. ఇప్పుడు పదవి లేకపోయినా అరుగు ఉంది, ఆ అరుగు దగ్గరికి వచ్చే జనం ఉన్నారు. ఆయన ఇద్దరి మాటా విని చెప్పాడు. తప్పు కింద, అంటే జరిమానాగా, ప్రసాద్ శీనమ్మ బీడులో మూడు రాత్రులు గొర్రెల్ని పడుకోబెట్టి మంద కట్టాలి. గొర్రెల ఎరువుతో నేల మళ్లీ తేరుకుంటుంది. మంద కట్టినవాడికి భూమి గలవాళ్లు రాత్రి అన్నం పెట్టడం ఆనవాయితీ. ఇది తప్పు గనక అన్నం అడగకూడదు.

"మరి నా గొర్రె?" అన్నాడు ప్రసాద్.

"అది ఎండకి చచ్చిందిరా. ఎండ మీద తప్పు వెయ్యమంటావా?"

అరుగు మీదున్న వాళ్లు నవ్వారు. శీనమ్మ నవ్వలేదు. ఆమెకి అన్నం పెట్టే పని లేదని తేలింది, అది చాలు. ప్రసాద్ తలూపి లేచాడు. మర్నాడే మందని అనంతసాగరం వైపు, సోమశిల డ్యామ్ నీళ్లు వెనక్కి తగ్గిన నేలల్లోకి తోలుకుపోయాడు. ఆ ఏడు చలికాలంలో కూడా తిరిగి రాలేదు.

వచ్చింది మళ్లీ ఎండాకాలంలో. వాన లేదు. సోమశిల ఒడ్డున కూడా మేత అయిపోయింది. రోడ్డు పక్కనా కాలవ గట్ల మీదా సర్కారు తుమ్మ ఒక్కటే పచ్చగా ఉంది. దాని ఆకు ఏ జీవమూ తినదు. దాని కాయ మాత్రం తియ్యగా ఉంటుంది. పసుపు పచ్చగా పండి రాలిన కాయల్ని గొర్రెలు నెల రోజులుగా మేస్తున్నాయి. కడుపులు కాయతో గట్టిపడి ఉన్నాయి.

శీనమ్మ వాడి ఇంటి ముందుకే వచ్చింది.

"ఏందిరా ప్రసాదూ, ఏడాది దాటింది. మూడు రాత్రులు అట్నే ఉండాయి."

"కడతానక్కా. నాలుగు దినాలు ఆగు."

"ఎందుకు? ఆ లోపల ఇంకొకరి చేనికి తోలి కోడికూర తినొద్దామనా?"

"అది కాదు."

"ఏది కాదు? నాకు వానకి ముందే పడాల. మబ్బు పట్టేదాకా సాగదీసి ఎగ్గొడదామని నీ ఎత్తు. నాకు తెలవదనుకుంటా ఉండావా?"

ప్రసాద్ నోట్లో ఒక మాట ఉంది. కాయ మేసిన మందని నేరుగా నేల మీద కట్టకూడదు. సర్కారు తుమ్మ గింజ గొర్రె కడుపులో అరగదు. పై తొక్క మెత్తబడి, పెంటికలో కూర్చుని బయటికి వస్తుంది. వాన పడితే మొలుస్తుంది. అందుకని మూడు నాలుగు దినాలు వేప, రావి కొమ్మలు కొట్టి వేసి, కడుపు ఖాళీ అయ్యాక కడతారు. మందలు కాసేవాళ్లందరికీ ఇది తెలుసు. శీనమ్మకి తెలియదు. ఆమె చూసిన మందలన్నీ చలికాలంలో, కోత కోసిన చేలల్లో కట్టినవి. అప్పుడు కాయ ఉండదు.

ఆ మాట చెప్పడానికి ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టదు. వాడు ఆమె చేతుల వైపు చూశాడు. కుండ వంచిన చేతులు.

"ఏం లేదక్కా," అన్నాడు. "నీ ఇష్టం. ఈ రోజే కడతాను."

ఇంట్లో యేసురత్నం అడిగాడు. "వాడు ఆగుదాం అన్నాడంటే ఏదో ఉండాదే. ఎందుకో అడక్కపోయినావా?"

"నీకు తోచింది నీ దేవుడికి చెప్పుకో. నాకు చెప్పొద్దు."

మూడు సాయంత్రాలూ శీనమ్మ బీడు దగ్గరే ఉంది. మంద ఒకే చోట పడుకుంటే అక్కడొక్కచోటే ఎరువు పడుతుందని, మంద చుట్టూ కట్టిన దడి జరిపించింది. "ఈ మూల పడలేదు. ఇటు తోలు. ఆ రాళ్ల దగ్గర కూడా." ప్రసాద్ చెప్పినట్టల్లా జరిపాడు. తెల్లారి ఆమె వంగి చూసింది. పెంటికలు పరుచుకున్నట్టు పడ్డాయి. జానెడు నేల కూడా మిగల్లేదు. అన్నం పెట్టకుండా ఇంత పని చేయించుకున్నందుకు ఆమె లోపల్లోపల పొంగిపోయింది.

జూలైలో వాన పడింది. గడ్డి లేచింది. గడ్డి మధ్యలో సన్నని ఈకల్లాంటి ఆకులతో ఇంకేదో కూడా లేచింది. ఎరువు బలానికి ఏవో మొలకలు అనుకుంది. నెలకి వాటికి ముల్లు వచ్చింది. ఒకదాన్ని పట్టి లాగితే కాండం తెగి చేతికొచ్చింది. వేరు రాలేదు. అది సర్కారు తుమ్మ అనీ, కాయ మేసిన మందని ఆకు మీద పెట్టకుండా కట్టినందుకు పెంటికల్లోంచి మొలిచిందనీ మంద కాసే ఇంకొకడు చెప్పాడు.

అప్పటికీ ఆమె బీడుని విడిచిపెట్టి ఉంటే గడ్డి కొన్నిటినైనా అణగదొక్కేది. ఆమె అట్లా చెయ్యలేదు. సైదాబీ ఇంటికి పోయింది. సైదాబీకి పాతిక మేకలు.

"మేకలు ముళ్లు కూడా తింటాయంట గదా. నా బీడులోకి తోలు."

"నీ కంచె లోపలికా? నా మేక ఒకటి తల పెట్టిందని కొమ్ము విరగ్గొట్టినావే."

"ఇప్పుడు తోలమంటా ఉండాను గదా."

మూడేళ్లు ఏ నోటినీ పోనియ్యని కంచెని శీనమ్మ తన చేత్తో తీసింది. మేకలు లోపలికి పోయి రేగు చిగుళ్లు తిన్నాయి. బలుసు తిన్నాయి. గడ్డిని కాడలతో సహా తిన్నాయి. ఈకల ఆకుల దగ్గరికి పోయి వాసన చూసి తల తిప్పుకున్నాయి.

"తినవేందే ఇవి?" అంది శీనమ్మ.

"మా మేకలకి బుద్ధుండాది," అంది సైదాబీ. "నువ్వు తిను ముందు. నిన్ను చూసి అవీ తింటాయేమో."

మేకల కోసం తీసిన సందు దుప్పులకి దారి అయింది. అవి సాయంత్రం వచ్చి, మేకలు వదిలిన గడ్డి మొదళ్లలోంచి లేచిన లేత పోచల్ని ఏరుకుని తిన్నాయి. మిగిలింది బర్రెలు తిన్నాయి. తినే ప్రతి నోరూ సర్కారు తుమ్మకి చోటు చేసి పోయింది. దానికి ఎండ తగిలింది, నీళ్లు మిగిలాయి. రెండో ఏటికి మనిషి ఎత్తు. శీనమ్మ గొడ్డలి పట్టింది. నరికిన ప్రతి మొద్దు నుంచీ నాలుగైదు కొమ్మలు లేచాయి. ఆమె కసిగా నరికిన చోటే ఎక్కువ గుబురుగా లేచింది.

ముల్లు చెప్పు దాటుకుని కాల్లో దిగింది. చీము పట్టింది. యేసురత్నం ఆసుపత్రికి పో అంటే, బర్రెలకి గడ్డి ఎవడు తెస్తాడని తిట్టింది. ఆత్మకూరు ఆసుపత్రికి పోయేసరికి రెండు వేళ్లు నల్లబడ్డాయి. తీసేశారు. ఒక బర్రెని వింజమూరు సంతకి తోలారు. దాని వెనకే రెండోది కూడా. బీడులో గడ్డి పోచ లేదు. ఆ బీడు కొనే వాడూ లేడు. ఆ తుమ్మ పీకించాలంటే ఆ నేల వెల చాలదు.

మూడో ఎండాకాలం వచ్చింది. మళ్లీ కరువు. రోడ్డు పక్కన తుమ్మని బొగ్గుల వాళ్లు కొట్టుకుపోయారు. కంచెల బయట సీతారామపురం దాకా పచ్చ లేదు. శీనమ్మ బీడులో మాత్రం చెట్లు తొలి కాపు కాసి, కాయలు పండి, నేల పసుపు పచ్చగా ఉంది. కంచెలో తీసిన సందుని ఆమె మళ్లీ కంపతో మూసేసింది.

ప్రసాద్ మంద తోలుకుని కంచె దగ్గరికి వచ్చాడు. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. శీనమ్మ రాయి మీద కూర్చుని ఉంది, కుంటి కాలు చాపుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని.

"అక్కా, లోపల కాయ రాలి ఉండాది."

"నాకూ కళ్లుండాయి."

"రెండు దినాలుగా వీటికి ఏమీ లేదు."

"ఆ రోజు నాలుగు దినాలు ఆగు అన్నావే. ఎందుకో చెప్పుంటే నీ నోరు అరిగిపోయేదా?"

"ఆ రోజు కుండ గొర్రెల ముందు పెట్టుంటే నీ చెయ్యి అరిగిపోయేదా?"

గొర్రెలు కంప సందుల్లోంచి మూతులు చాపాయి.

"చూడివి ఎన్ని?" అంది శీనమ్మ.

ప్రసాద్ జవాబు చెప్పడానికి భయపడ్డాడు. "ఉండాయి కొన్ని."

"ఆ తర్వాత ఎవరి నేల మీద మంద?"

"జనార్దనయ్య బీడులో. నీ గడ్డి పెరిగినప్పుడు చూసి ఆయన కూడా కంచె వేసుకున్నాడు గదా. ఇప్పుడు బాగా లేచింది. అయిదు రాత్రులు కట్టమన్నాడు. అన్నం పెడతానన్నాడు."

"ఈ కాయ మేపి, ఆకు మీద పెట్టి, కడుపు ఖాళీ చేసి తోలతావా?"

"అంతే గదక్కా."

"ఎండ మీద తప్పు వెయ్యమంటావా అన్నది ఆయనే గదరా?"

ప్రసాద్ ఒక గొర్రె మూతిని కంప సందులోంచి వెనక్కి లాగాడు.

"ఆకు మీద పెట్టొద్దు," అంది శీనమ్మ. "ఇక్కడ మేపి నేరుగా అక్కడికి తోలు. మూలమూలకీ జరిపి కట్టు, నాకు కట్టినట్టు. అట్టా అయితే కంప తియ్యి. కాదంటే అట్నే నిలబడి చూడు. కాయంతా ఊడ్చి నీ కళ్ల ముందే అగ్గి పెడతాను."

"ఆయన నిన్నేం చేసినాడక్కా? నీ పక్కనే గదా తీర్పు చెప్పింది."

"నా బీడు ఇట్టా ఉండాది. ఆయనది పచ్చగా ఉండాది. ఇంకేం చెయ్యాల?"

ప్రసాద్ మంద వైపు చూశాడు. ముందు వరసలో ఒక గొర్రె ముందు కాళ్ల మీద కూలబడి లేవలేకపోతోంది. దాని పొట్ట బరువుగా ఉంది. వాడు తూర్పుగా, జనార్దనయ్య కంచె వైపు చూశాడు. తర్వాత కర్ర చంకలో పెట్టుకుని కంప లాగాడు.

గొర్రెలు ఒక్కసారిగా లోపలికి పడ్డాయి. చెట్ల కింద కాయలు నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. శీనమ్మ కర్ర ఊతంగా లేచి, కుంటుకుంటూ ఇంటి వైపు పోయింది. తిరిగి వచ్చేటప్పుడు చంకలో నిండు కుండ ఉంది. ప్రసాద్ అందుకోబోతే ఇవ్వలేదు.

"కాయ మీద దప్పిక ఎక్కువ," అంది.

కూలబడిన చూడి గొర్రె ముందు ఆమె మోకాళ్ల మీద కూర్చుని కుండ దించింది. అది మూతి పెట్టి తాగినంత సేపూ అంచు వంచి పట్టుకుంది. ఒక్క చుక్క కూడా నేల మీద పడనియ్యలేదు.