చిన్నోడు తినని ఎనిమిది దినాలు

పత్తి విత్తనాల చేలో పని పొద్దున్నే మొదలవుతుంది. ముందురోజు మధ్యాహ్నం మొగ్గలు గిల్లి, గుర్తుకు ఎర్ర కాగితం తొడిగి పోతారు. తెల్లారి వచ్చి ఆ కాగితం తీసి మగపూల పుప్పొడి రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్ళయితే పువ్వు నలగదని రైతులు బడి ఈడు ఆడపిల్లల్నే పిలుస్తారు. పిల్లలు నలిగితే ఏమవుతుందో ఎవరూ అడగరు. ధరూర్ అవతలి ఆ ఊళ్ళో పిల్లలతోపాటు పైనోళ్ళు కూడా పనికి వచ్చేవారు.

పైనోళ్ళు ముగ్గురు. కరువు పడిన రెండువేల రెండులో ఊరి వెనక రాళ్ళ బీడులో పైనుంచి దిగారు. వాన కోసం ఆకాశం చూస్తున్న జనానికి వాన బదులు వీళ్ళు వచ్చారు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పేర్లు పెట్టి, వలస పోయినవాళ్ళ ఇంటి తాళం తీసి ఇచ్చారు. ముగ్గురూ పదేళ్ళ పిల్లలంత ఎత్తు. తమ చేత్తో తిన్నది వాళ్ళ ఒంటికి పట్టదు, ఎవరో ఒకరు తినిపించాలి. ఎవరి చేతి ముద్ద తింటే వాళ్ళ మొహం, వాళ్ళ గొంతు వచ్చేవి, మళ్ళీ ఇంకొకరి చేతి ముద్ద తినేదాకా. కిష్టమ్మ మొహంతో నడిపోడు ఎదురైతే, "పొద్దుగాల కిష్టమ్మ పెట్టిందా?" అని అడిగి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

ఇస్రాయేలు కూతురు రెబెకాకు పన్నెండేళ్ళు. తప్పిపోయిన మేకల్ని, మారిపోయిన చెప్పుల్ని వెతికిపెట్టి సీఐడీ అని పేరు తెచ్చుకుంది. రెండువేల అయిదులో, వినాయకుణ్ణి నీళ్ళలో వేసిన కొన్నాళ్ళకు రేణుకమ్మ ఆమెను పిలిపించింది. రేణుకమ్మ కళ్ళకు పొర కమ్మింది. కొడుకూ కోడలూ పూణెలో కట్టడం పనికి పోతే, మనవరాలు జయశ్రీ ఆమె దగ్గర ఉంటోంది.

"బిడ్డా, మా జయశ్రీ వారం దినాల సంది అన్నం ముడ్తలేదు. ఏందని అడిగితే వద్దంటది. జర చూసి చెప్పు."

"జ్వరముందా అవ్వా?"

"లేదు. దగ్గు గూడ పోయింది."

మందు కొట్టే చేలో పట్టుకున్న దగ్గు అట్లా పోదని రెబెకాకు తెలుసు. తన దగ్గుకే రెండేళ్ళు.

మర్నాడు రైతు రాఘవేందర్ చేలో పక్క సాలు పట్టుకుని గమనించింది. అందరూ సద్ది డబ్బాలు విప్పితే జయశ్రీ ఒక్కతే దూరంగా కూర్చుంది. తోటి కూలి ఎస్తేరమ్మ ముద్ద కలిపి నోటిదాకా తెస్తే మొహం పక్కకు తిప్పుకుంది. పైనోళ్ళు ఇద్దరే కనిపిస్తున్నారు. చిన్నోడు వలస కూలీల గుంపుతో పూణె పోయాడని రాఘవేందర్ అందరికీ చెప్పాడు. పైనోడికి పూణెలో ఎవరు తినిపిస్తారని రెబెకాకు అనుమానం వచ్చింది.

పైనోళ్ళు అడిగితే అబద్ధం చెప్పరు. అందుకే దూరంగా కూర్చున్న పిల్ల దగ్గరికి వెళ్ళి అడిగింది.

"నువ్వు చిన్నోడివి గదా?"

"అవు," అంది జయశ్రీ గొంతు.

"జయశ్రీ ఏది?"

చిన్నోడు ఎండిపోయిన బోరు వైపు చూశాడు. "సద్దిల సగం నాకు తినిపిచ్చింది. మేం సాళ్ళల్ల ఉండంగనే రాఘవేందర్ సారు మందు కొట్టిచ్చిండు. ఆమెకు వాంతులయినయి. జీపుల ఏసుకపోయిండు, జరసేపటికే మళ్ళ తెచ్చిండు, అప్పటికే పానం లేదు. జీపుల ఏసేటప్పుడు పొద్దుగూకక ముందే అవ్వ కాడికి పోవాలె అన్నది. ఆమె పోలే. నేను పోయిన."

బోరు పక్కన మట్టి కొత్తగా తవ్వి పూడ్చినట్టు మెత్తగా ఉంది. పిన్నీసు పెట్టి అతికించుకున్న జయశ్రీ చెప్పు ఒకటి పొదలో దొరికింది. రెబెకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే రేణుకమ్మకు చెప్పింది. ముసలమ్మ కర్ర అందుకుంది. చిన్నోణ్ణి వెంటబెట్టుకుని ముగ్గురూ షేర్ ఆటోలో ఠాణాకు పోయారు. సంగతి తెలిసి వాళ్ళకంటే ముందే రాఘవేందర్ మోటార్ సైకిల్ మీద చేరుకుని ఎస్సై ఎదుట కుర్చీలో కూర్చున్నాడు.

"పిల్లల ఆట సారు ఇది," అన్నాడు.

"నేను చిన్నోణ్ణి," అన్నాడు చిన్నోడు జయశ్రీ గొంతుతో, గోడ పట్టుకుని. నిలబడే శక్తి కూడా లేదు వాడికి.

ఎస్సై విసుక్కున్నాడు. "పిల్ల నా ముందర నిలబడితే గుంత ఎందుకు తవ్వాలె అవ్వా?"

రెబెకా సంచిలో జొన్నరొట్టె ఉంది. ఒక్క ముక్క తినిపిస్తే చాలు, నిజం బయటపడుతుంది. కానీ ఆ ముక్కతో జయశ్రీ మొహం ఈ లోకంలో మిగలదు. ఆ పిల్లకు ఒక ఫోటో అయినా లేదు. రెబెకా సంచి మూతి బిగించి పట్టుకుంది.

"రొట్టె ఇటియ్యి," అంది రేణుకమ్మ.

రొట్టె ఒళ్ళో పెట్టుకుని, రెండు అరచేతులతో ఆ మొహాన్ని తడిమింది. నుదురు, ముక్కు, గడ్డం కింది గాటు. మళ్ళీ నుదురు.

"నాకు మొదటినాడే తెలిసింది బిడ్డా," అంది రెబెకాతో. "మా పిల్ల ఇంట్లకొస్తనే ఆకలి ఆకలి అంటుండె. నా నోటితోని అనలేక నిన్ను పిలిచిన." రొట్టె తుంచింది. "తిను చిన్నోడా. ఎనిమిది దినాలాయె. నా కోసం ఎండినవ్."

చిన్నోడు తల అడ్డంగా ఊపాడు. ఆమె ముక్కను నోటి దగ్గరే ఉంచింది. చివరికి తిన్నాడు. చెంపలు ముడతలు పడ్డాయి. కళ్ళకు పొర కమ్మింది. రాఘవేందర్ కుర్చీలోంచి లేచాడు, కానిస్టేబుల్ తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"పోయిందా?" అని అడిగింది రేణుకమ్మ.

"పోయిందవ్వా," అంది రెబెకా.

"అయితే ఇగ రాసుకోమను సారును. పేరు జయశ్రీ. పదేండ్లు," అని ఆమె రెండో ముక్క తుంచింది.