పాత కొలత కాలు

ఆ సందులో అందరికంటే ముందు లేచే షట్టరు కాళ్ళమ్మదే. కృత్రిమ కాళ్ళు చేసే మనిషికి జనం అంతకంటే మంచి పేరేం పెడతారు! షట్టరెత్తి, నిన్న చెక్కిన పొట్టంతా ఊడ్చి, కంప్యూటర్ మీట నొక్కి, అది నిద్ర లేచేలోపు టీ తాగేస్తుంది. తర్వాత, తయారైన కాళ్ళని గుమ్మం దాకా సాగనంపుతుంది. తయారయ్యాక కాలు మనిషి కోసం ఎదురుచూడదు కదా, దానంతటదే యజమాని ఇంటికి నడిచి వెళ్ళిపోతుంది. పళ్ళబండివాడు బండి కాస్త పక్కకి లాగుతాడు. కూడలిలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టి దాటిస్తాడు. వానాకాలంలో మాత్రం, బురదతో లోపలికొచ్చేసిందని ఎవరో ఒకరు ఫోన్ చేసి దులిపేస్తారు. "తుడుచుకుని వెళ్ళవే అంటే వింటుందా, ఏం చెయ్యనమ్మా!" అంటుంది కాళ్ళమ్మ.

ఆ రోజు కంప్యూటర్ లేవలేదు. మీట నొక్కితే ఓ మూలుగు, కాలిన వాసన, అంతే సంగతులు. కంప్యూటర్ చెప్పందే చెక్కే యంత్రం కదలదు. పైగా ఆ రోజు చెక్కాల్సింది కండక్టరు కాలు.

కండక్టరంటే సిటీ బస్సు కండక్టరే. నిరుడు లారీ కొట్టి ఆమె కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. కాళ్ళమ్మ ఓ కాలు చేసిచ్చింది గానీ, తెగినచోట కండ తగ్గుతూ వచ్చి అది వదులైంది. ఓ రోజు మెట్ల మీద జారితే పగిలి కూర్చుంది. మొన్ననే కొత్త కొలత తీశారు. మర్నాడు పొద్దున డిపోలో అధికారి ముందు బస్సులో నడిచి చూపించాలి. చూపించలేకపోతే టికెట్ల సంచీ అప్పజెప్పి ఇంటికి పోవడమే, ఇంక గడువిచ్చేది లేదని మొహం మీదే చెప్పేశారు.

"బ్యాకప్ ఉండగా కంగారెందుకు వదినా!" అంటూ దిగాడు కాళ్ళమ్మ మరిది. అక్కడి కంప్యూటర్ పని మొదట్నుంచీ అతనిదే. ఒక చేత కొత్త కంప్యూటర్, ఒక చేత బ్యాకప్ డిస్కు. "పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఇందులో పోసేస్తా. మధ్యాహ్నానికి కాలు రోడ్డెక్కకపోతే అడుగు."

పోశాడు. గీత నిండింది, పని పూర్తయిందని తెర మీద పడింది. కాలరెగరేసి కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ వెలిగించాడు. నీలం తెర, దాని మీద ఓ ఏడుపు మొహం. అదే ఆరింది, అదే వెలిగింది, మళ్ళీ ఏడుపు మొహం.

అప్పటికి కండక్టరు చంకకర్రల మీద వచ్చి స్టూలు మీద కూర్చుంది. "ఏమంటోంది తమ్ముడూ?"

"కొత్త కోడలి వరసక్కా. ఏ గది ఎటో తెలీడం లేదు. పాత కంప్యూటర్లో డిస్కుతో మాట్లాడే డ్రైవర్ వేరు, ఇందులో వేరు. ఆ డ్రైవర్ లేక, తను కూర్చున్న డిస్కే తనకి కనబడట్లేదు."

"మా డ్రైవరన్న ఏ బండిచ్చినా తోలేస్తాడే!"

"ఇక్కడ అంత మంచివాళ్ళు లేరక్కా. ఏ బండి డ్రైవరు ఆ బండికే."

లోపలి సెట్టింగు ఒకటి మార్చాడు. ఈసారి నీలం తెర కూడా రాలేదు, ఉత్త నలుపు. గబగబా వెనక్కి మార్చాడు. హమ్మయ్య, ఏడుపు మొహం వచ్చింది! దాన్ని చూసి ముగ్గురూ సంతోషించారంటే వాళ్ళ గతి ఎక్కడికొచ్చిందో చూడండి. చివరికి పెన్‌డ్రైవ్‌లో కొత్త డిస్కు డ్రైవర్ తెచ్చి, నిద్రపోతున్న పిల్లాడి నోట్లో మందు పోసినట్టు, పైకి లేవని ఆ వ్యవస్థలోకి ఎక్కించాడు. మళ్ళీ వెలిగించాడు. కాళ్ళమ్మకి తెలిసిన పాత తెర వచ్చింది, మూలనున్న గడియారంతో సహా. మరిది లేచి ఒళ్ళు విరుచుకున్నాడు.

కండక్టరు పేరు వెతికారు. ఉంది. పేరు కింద నిరుటి కొలత ఒక్కటే ఉంది.

"మొన్నటిదేదిరా?"

మరిది బ్యాకప్ డిస్కు తెరిచి చూశాడు, కిందికి మీదికి జరిపి చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "డిస్కు ఎప్పుడో నిండిపోయింది వదినా. నిండాక బ్యాకప్ తీయడం మానేసింది. మాటైనా చెప్పలేదు. మొన్నటిది పాతదాంతోపాటే కాలిపోయింది."

"అది చెప్పలేదు సరే, నువ్వు చూళ్ళేదేం?"

ఇంక ఏమని ఏం లాభం! కొత్తగా కొలుద్దామంటే కొలత తీసే కెమెరాని ఈ కంప్యూటర్ గుర్తుపట్టనంది. దాని డ్రైవర్ కోసం వెతికితే, ఆ కెమెరా చేసినవాళ్ళు దుకాణమే ఎత్తేశారని తెలిసింది. పాతరోజుల్లోలా అచ్చు పోసి చేత్తో చెక్కాలంటే వారం పని. కాళ్ళమ్మ తన మణికట్లు పట్టుకుని చూసుకుంది. ఈ మధ్య అవి రొట్టె పిండి కూడా కలపలేకపోతున్నాయి.

"పాత కొలతతోనే చెక్కక్కా," అంది కండక్టరు. "వదులైతే లోపల మేజోళ్ళు తొడుక్కుంటా."

యంత్రం తీగకి కొత్త కంప్యూటర్లో కన్నమే లేదు. మరిది వీధులన్నీ తిరిగి మధ్యలో తగిలించే ముక్కొకటి పట్టుకొచ్చాడు. యంత్రం కదిలింది. సాయంత్రానికి కాలు పూర్తయింది, నున్నగా, అందంగా. కండక్టరు ఒక మేజోడు తొడిగింది, దాని మీద ఇంకొకటి, ఆ పైన కాళ్ళమ్మ భర్త ఉన్ని మేజోళ్ళు. లేచి అడుగేసింది. కాలు గిర్రున పక్కకి తిరిగింది. మళ్ళీ వేసింది, మళ్ళీ తిరిగింది. మూడోసారి మరిది పట్టుకోకపోతే యంత్రం మీద పడేదే.

"ఇంక చాల్లే అక్కా," అంది. కాలు విప్పి బల్ల మీద పెట్టింది. చెంగుతో మొహం తుడుచుకుని, చంకకర్రలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ కర్రల చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది. మరిది ఆపిన కంప్యూటర్ ముందే కూర్చుండిపోయాడు. కాళ్ళమ్మకి అతన్ని తిట్టే ఓపిక కూడా లేక, షట్టరు సగమే దించి ఇంటికి వెళ్ళిపోయింది.

తెల్లారి షట్టరెత్తితే కాలు లేదు. పోనీలే, సరిపోకపోయినా దాని ఇంటికి అది చేరిందనుకుంది కాళ్ళమ్మ. కానీ కాలు ఆ ఇంటికి వెళ్ళలేదు.

కండక్టరు టికెట్ల సంచీ అప్పజెప్పడానికి డిపోకొచ్చేసరికి, ఆమె రోజూ ఎక్కిన బస్సు వెనక మెట్టు మీద కాలు నిలబడి ఉంది. డ్రైవరు కిందికి దిగొచ్చాడు.

"నేనొచ్చేసరికే ఉంది చెల్లెమ్మా. నీదేనట కదా? దిగమంటే దిగదు. బండి నిండిపోయింది, జనం నన్ను తిడుతున్నారు."

"నేను ఎక్కడానికి రాలేదన్నా. సంచీ ఇచ్చేసి పోదామని వచ్చా." కాలు వైపు తిరిగింది. "ఇక్కడేం పనే నీకు? నాకు సరిపోవు నువ్వు. నడు ఇంటికి!"

కాలు కదల్లేదు. నిరుడు ఆ కొలత తీస్తున్నప్పుడు తను కాళ్ళమ్మతో అన్న మాట ఆమెకి గుర్తొచ్చింది. నెల తిరక్కుండా బస్సెక్కుతా చూడక్కా అంది. ఆ తర్వాత జారడాలు, పగలడాలు, ఏడుపులు, గడువులు, ఇవేవీ ఆ కాలికి తెలీవు. దానికి తెలిసింది ఆ రోజు మనిషే. ఆమె అందరి ముందే భోరుమంది.

"ఏడుద్దువుగానీ ఎక్కమ్మా, మాకు లేటవుతోంది!" అంది కిటికీలోంచి ఎవరో పెద్దావిడ.

డ్రైవరు చెయ్యందించాడు. ఆమె ఎక్కి తలుపు పక్క సీట్లో కూలబడింది. కాలు వెనక్కి తిరిగి, నిలబడ్డవాళ్ళ మధ్యనించి దారి చేసుకుంటూ బస్సు ముందు దాకా నడిచింది. టికెట్టు తీసుకోనివాడి బూటు మీద ఒక్కటిచ్చింది. వాడు "ఇస్తున్నా, ఇస్తున్నా" అంటూ డబ్బులు వెనక్కి అందించాడు. కండక్టరు చేతులు వాటంతటవే సంచీ తెరిచి టికెట్టు చింపాయి.

అధికారి కాగితాల అట్ట పట్టుకుని వచ్చి మెట్టు మీద ఒక పాదం పెట్టాడు. కాలు ముందునించి వెనక్కి, వెనకనించి ముందుకి నడవడం చూశాడు. తడి మొహంతో కూర్చున్న కండక్టర్ని చూశాడు.

"నడక బాగానే ఉంది," అని ఆమె పేరు పక్కన టిక్కు ఒకటి పెట్టుకుని, పక్క బస్సు దగ్గరికి వెళ్ళిపోయాడు.

డ్రైవరు తన సీటెక్కి అద్దంలోంచి ఆమె వైపు చూశాడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. ఏడాదిగా అనని మాట కాబట్టి మొదటిసారి ఎవరికీ వినబడలేదు. రెండోసారి గట్టిగానే వచ్చింది.

"రైట్!"